అంతరించిన జంతువు ‘పెద్దదా’, ‘పెద్దగా ఉండేదా’?

సందేహం: బడిపిల్లల కోసం రాసిన వ్యాసంలో “జోసెఫోఆర్టిగాసియా మన గద్దకంటే చాలా పెద్దది” అన్నాను. అది ఎలుకల వర్గానికి చెందిన, ఏనాడో అంతరించిన జంతువు. గద్ద ఇప్పటికీ ఉంది, అది లేదు కనుక “పెద్దగా ఉండేది” అని దిద్దాలని మిత్రులొకరు అంటున్నారు. ఏది సరి?

సమాధానం: మీ వాక్యమే సరి, దిద్దకండి. ‘పెద్దది’ అన్నమాటలో క్రియ లేదు, క్రియ లేనిచోట కాలమూ లేదు. “శ్రీకృష్ణదేవరాయలు తుళువ వంశస్థుడు” అంటాం. ఆయన పోయి దాదాపు 500 ఏళ్లయింది కదా అని “వంశస్థుడుగా ఉండేవాడు” అనం. జీవించి ఉన్నదాన్నీ అంతరించినదాన్నీ ఒకే వాక్యంలో ఇమడ్చగలగడం తెలుగు నామవాక్యానికున్న గొప్ప సౌలభ్యం: “గద్ద కిలో లోపు పక్షి, ఆ జంతువు వందల కిలోలది.” ఎక్కడా తడబాటు లేదు.

పైగా ‘ఉండేది’ చేర్చితే వేరే అర్థం తొంగిచూస్తుంది. “మా ఊరి చెరువు పెద్దగా ఉండేది” అంటే వినేవారు ఏమనుకుంటారు? ఇప్పుడు పూడిపోయిందనో, ఆక్రమణలతో చిక్కిపోయిందనో అనుకుంటారు. ఆ జంతువు విషయంలోనూ, ఒకప్పుడు పెద్దగా ఉండి తర్వాత చిన్నదైందేమోనని పిల్లలు అనుకునే వీలుంది. అది చిన్నదవలేదు, జాతి మొత్తమే పోయింది. ఉరుగ్వేలో దొరికిన దాని పుర్రె అర మీటరుకు పైగా పొడవుంది. 2008లో శాస్త్రవేత్తలు ఆ పుర్రెను వర్ణించారు. బరువు టన్ను దాకా ఉంటుందని లెక్కగట్టినవారూ ఉన్నారు.

మీ మిత్రుల మాట చెల్లేచోటు లేకపోలేదు. క్రియ వచ్చిందంటే కాలం పాటించాల్సిందే. “గద్ద ఎలుకలను పట్టి తింటుంది, ఆ జంతువు మొక్కలు తినేది” అనాలి. ఇక్కడ రెండోదానికీ ‘తింటుంది’ అంటే తప్పే. కాలం తెలియాలనిపిస్తే విశేషణంతోనే చెప్పవచ్చు: “లక్షల ఏళ్ల కిందటే అంతరించిన ఆ జంతువు గద్దకంటే ఎన్నోరెట్లు పెద్దది.”

మీ ఉత్తరంలోనే మరోచోట “గద్దకంటే ఎక్కువ పెద్దది” అని ఉంది. ఆ ‘ఎక్కువ’ తీసేయండి. హెచ్చుతగ్గులు చెప్పే పని ‘కంటే’దే, దానికి తోడు అక్కర్లేదు. ‘చాలా’ మాత్రం ఉంచుకోవచ్చు, అది ఎంత తేడానో చెబుతుంది. ‘కంటే’ బదులు ‘కన్నా’ రాసినా దోషం లేదు.