కచేరీల ఏడాది తలపెట్టిన మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవికి మేనత్త ఆశీస్సులు.

మీ విశ్వవిద్యాలయం సింఫనీ ఆర్కెస్ట్రాకు ఈ ఏడాది కచేరీలన్నీ నువ్వే ఖరారు చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. వాడి మాటల్లో సంబరం వింటుంటే నాకు కళ్ళు చెమర్చాయి. అంతలోనే, తొలి కచేరీ సెప్టెంబరులో, ఆర్.కె. బీచ్‌లో, బీథోవెన్ అయిదో సింఫనీతో అన్నాడు. ఇక నిద్ర పడితే ఒట్టు! ఫోనులో అయితే కోప్పడి పెట్టేస్తానని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు అయిదో సింఫనీ సంగతి. దాని చివరి భాగంలో మూడు ట్రాంబోన్లు, పికోలో, కాంట్రాబసూన్ అనే ఊదే వాద్యాలు కావాలి. అవి వాయించేవాళ్ళు నీ దగ్గర ఉన్నారా? 1808 డిసెంబరు 22న వియన్నాలో అది తొలిసారి వినిపించిన కచేరీ చలిలో నాలుగు గంటలు సాగింది. రిహార్సల్ చాలక, చివరి కృతి మధ్యలో ఆగిపోతే మళ్ళీ ఎత్తుకున్నారు. స్వయంగా బీథోవెన్ ఉండి నడిపించిన కచేరీకే ఆ గతి పట్టింది. దాన్ని ఫిబ్రవరికి జరుపు. సెప్టెంబరుకు తీగవాద్యాలతోనే సరిపోయే మోట్సార్ట్ 1787 నాటి సెరినేడ్ చాలు. గంటకు మించనివ్వకు. దానికి ముందు దీక్షితార్ నొట్టుస్వరం ఒకటి పెట్టు. పాశ్చాత్య బాణీలో సాగే శంకరాభరణం కాబట్టి పిల్లల చేతికీ, వినే పెద్దల చెవికీ ఒకేసారి పట్టుబడుతుంది.

డిసెంబరుకు హైడన్ 'ఫేర్‌వెల్' అనే వీడ్కోలు సింఫనీ నాకు ఇష్టం. యజమాని అయిన ప్రభువు వేసవి విడిదిలోనే ఉండిపోవడంతో, ఇళ్ళ మీద బెంగ పెట్టుకున్న వాద్యకారుల కోసం 1772లో రాశాడు. చివర్లో ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతే రెండు వయొలిన్లు మిగులుతాయి. సెలవులకు ఊళ్ళకు బయలుదేరే పిల్లలు దాన్ని మనసుపెట్టి వాయిస్తారు. అయితే అది ఎఫ్ షార్ప్ మైనర్ అనే స్వరశ్రేణిలో ఉంటుంది, వేళ్ళకు కష్టం. సాధన ఆగస్టులోనే మొదలుపెట్టించు.

ఇక బీచ్. అక్కడ మాత్రం వద్దు నాన్నా.

నేను రెండో వయొలిన్ వాయించే రోజుల్లో ఇక్కడ మాకొక చిన్న బృందం ఉండేది. జనం ఎక్కువ వస్తారని నిర్వాహకుడు సముద్రం ఒడ్డున వేదిక వేయించాడు. వాద్యాలు పగలంతా ఏసీ గదిలో ఉన్నాయి. సాయంత్రం వేదిక మీద పెట్టెలు తెరవగానే చల్లటి చెక్క మీద తేమ పట్టి, నా వయొలిన్ వార్నిష్ మీద వేలు పెడితే గీత పడింది. తీగలు బిగించే బిరడాలు ఉబ్బి బిగుసుకుపోయాయి. కమాను వెంట్రుకలు సాగి వదులయ్యాయి. గాలికి ఎగిరిపోతున్న కాగితాలకు ఎవరో బట్టల క్లిప్పులు తెచ్చిపెట్టారు. రెండో కృతి మధ్యలో, వయొలిన్ కన్నా పెద్దదైన సెల్లో నుంచి జుయ్యిమని చప్పుడు మొదలైంది. పైపలక అంచు అతుకు దగ్గర విడిపోయింది. ఆ కుర్రాడికి అది తెలియక ఇంకా గట్టిగా నొక్కి వాయించాడు. నడిపిస్తున్నాయన కచేరీ ఆపి, అందరి ముందూ, "శ్రుతి కూడా తెలియనివాడికి వేదిక ఎందుకు?" అన్నాడు.

మర్నాడు బాగుచేసే మేస్త్రీ చూసి తప్పు కుర్రాడిది కాదన్నాడు. తోలు ఉడికించి తీసిన బంకతో ఆ పలకలు అతికిస్తారు. తేమకు చెక్క ఉబ్బితే అతుకు ముందు విడిపోవాలి, లేకపోతే చెక్కే పగులుతుంది. ఆ వాద్యం తనను తాను కాపాడుకుంది. మళ్ళీ అతికిస్తే ఎప్పటిలా పలికింది కూడా. ఆ మాట కుర్రాడి చెవిన వేయడానికి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ అమ్మ తలుపు దగ్గరే నిలబడి, వాడు ఇక వాయించడట అంది. నేర్పించినవాళ్ళంతా వాడిది బంగారు చెయ్యి అనేవారు. ఈ వయసులోనూ సెల్లో వింటే నాకు ముందు వాడి ముఖమే గుర్తొస్తుంది.

కాబట్టి మూసి ఉన్న హాలు చూసుకో. వాద్యాలు ముందుగా చేర్చి, పెట్టెల్లోనే గంటసేపు ఉంచి తెరిపించు. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. మన ఊళ్ళో అది అరుదు. అక్టోబరు, నవంబరుల్లో ఏ కచేరీ పెట్టకు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చింది, నువ్వు మరిచిపోయి ఉండవు.

కర్ణాటక సంగీతం నేర్చుకుని వచ్చే పిల్లలను కాదనకు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి విజయనగరం పక్కనే ఉన్న మనకు వయొలిన్ పట్టినవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళు కూర్చుని, వాద్యం తలను పాదానికి ఆనించి, సా పా సా పా శ్రుతిలో వాయిస్తారు. ఆర్కెస్ట్రాలో అయితే కుర్చీలో, గడ్డం కింద పెట్టుకుని, పాశ్చాత్య స్వరాలు జి డి ఎ ఇ శ్రుతిలో. వాళ్ళు కుదురుకోవడానికి నెలలు పట్టవచ్చు. కమాను పైకో కిందికో కాగితాల మీద ముందే పెన్సిలుతో రాయించు.

డబ్బు లెక్కలు రోజూ రాసుకో. ఏ పిల్ల అయినా, ఏ పిల్లవాడైనా తప్పు వాయిస్తే వేదిక మీద నోరెత్తకు. దిగాక పక్కకు పిలిచి ముందు వాద్యం చూడు, తర్వాత చెయ్యి చూడు, ఆ తర్వాతే మాట్లాడు. నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మీ తాతయ్య పోలిక. ఆయన దగ్గర పెరిగినదాన్ని, నాకు తెలుసు.

తేమ కొలిచే మీటర్లు రెండు కొని ఉంచాను, ఒకటి రిహార్సల్ గదికి, ఒకటి హాలుకు. ఆదివారం భోజనానికి వచ్చి పట్టుకెళ్ళు. గుత్తి వంకాయ చేస్తాను. తేదీల కాగితం కూడా తీసుకురా, ఇద్దరం కూర్చుని సరిచేద్దాం.

నీ మేనత్త