అనంతపురంలో ఉన్న మా పాపకు, దాని డాష్‌హండ్ కుక్కపిల్ల గురించి

పాపా,

నిన్న రాత్రి ఫోన్‌లో ఏడుపు ఒక్కటే తక్కువ నీకు. మూడు వారాలుగా మిద్దె మీదికి తీసుకెళ్తున్నా అక్కడ వాసన చూస్తూ తిరిగి తిరిగి, లోపలికి రాగానే దివాన్ పక్కన ఉచ్చ పోస్తోందని, కింద ఇంటి ఓనరమ్మ మాట అంటోందని, "పెద్దమ్మా, ఇది మొండిది, ఎవరికైనా ఇచ్చేస్తా" అన్నావు. ఇచ్చేయొద్దు. ఐదు నెలల పిల్ల అది. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. మా రాణి కూడా డాష్‌హండే కదా. వచ్చిన కొత్తలో ఇంట్లో పోసినప్పుడల్లా పేపర్ చుట్టి కొట్టాను, ముక్కు తీసుకెళ్లి ఆ తడిలో పెట్టాను, అప్పట్లో అందరూ అలాగే చేయమనేవాళ్లు. వారం తిరిగేసరికి నా కళ్ల ముందు పోయడం మానేసింది. నేర్చుకుందని సంబరపడ్డాను. ఆ తర్వాత ఒకరోజు బియ్యం డ్రమ్ము జరిపితే వెనకాల అంతా మరకలే. దానికి అర్థమైంది ఒక్కటే, నేను చూస్తుండగా పోయకూడదని. అందుకే బయట కూడా నేను పక్కన నిలబడితే బిగబట్టుకునేది. ఆ భయం పోగొట్టడానికి రెండు నెలలు పట్టింది, నన్ను చూసి గోడకు ఒదిగిన ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు. "రెండు తగిలించా" అన్నావు చూడు నిన్న, అది ఇవాళ్టితో ఆపేయ్. చేసిన పనికీ పడిన దెబ్బకీ మధ్య రెండు మూడు సెకన్లు దాటితే కుక్క ఆ రెండింటినీ కలిపి అర్థం చేసుకోలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఎప్పటిదో మరక చూసి అరిస్తే, అది భయపడేది తలుపు తీసుకొని వచ్చే నీకు. చెవులు వెనక్కి పెట్టి తల దించితే తప్పు ఒప్పుకుందని అనుకుంటాం, నిజానికి అది నీ గొంతుకు భయపడుతోంది.

మొండితనం గురించి కూడా ఒక మాట. డాష్‌హండ్‌ను జర్మనీలో బొరియల్లో ఉండే బాడ్జర్ అనే జంతువును వేటాడటానికి పెంచారు. నేల కింద చీకట్లో యజమాని కేకలు వినపడవు, ఏం చేయాలో అదే తేల్చుకోవాలి. అందుకే ఆ జాతికి చెప్పినవన్నీ చేసే అలవాటు తక్కువ, తనకు లాభం కనిపిస్తే మాత్రం చక్కగా చేస్తుంది. ఆ లాభం చూపించడమే నీ పని.

ఇక టైమ్. పిల్లకు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క ఉంది. అది గరిష్ఠం మాత్రమే, చిన్న జాతి కుక్కకు మూత్రపు సంచీ కూడా చిన్నదే, ఆడుకుంటున్నప్పుడైతే అరగంటకే వస్తుంది. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు రెండు గంటలకోసారి తీసుకెళ్లు. అది కాక నిద్ర లేవగానే, తిన్న పదిహేను ఇరవై నిమిషాలకు, ఆట ఆపగానే, రాత్రి పడుకునే ముందు తప్పకుండా. గిన్నెలో తిండి రోజంతా ఉంచొద్దు, టైమ్‌కు పెట్టి పావుగంట తర్వాత తీసేయ్. లోపలికి వెళ్లే టైమ్ తెలిస్తే బయటికి వచ్చే టైమ్ తెలుస్తుంది. గోడ క్యాలెండర్‌లో తేదీ పక్కన పోసిన టైమ్ రాసుకో, ఇంట్లో పోసినవి కూడా రాయి. నాలుగు రోజులు రాస్తే నీకే కనిపిస్తుంది, మా రాణిది పొద్దున టిఫిన్ తర్వాత పన్నెండో నిమిషం, గడియారం పెట్టినట్టు.

మిద్దె మీద నువ్వు చేస్తున్న పొరపాటు ఏంటో నీ మాటల్లోనే దొరికింది. అది తిరుగుతుంటే నువ్వు ఫోన్ చూస్తున్నావు, పోయగానే "హమ్మయ్య" అని కిందికి తెచ్చేస్తున్నావు. దాని లెక్కలో పోయడం అంటే షికారు అయిపోవడం. అందుకే ఎంత ఆలస్యం చేస్తే అంత మంచిదని ఆపుకుంటోంది, లోపలికి వచ్చాక ఇక ఆగలేక పోసేస్తోంది. ఇలా చెయ్. పొట్టి తాడు కట్టి, ప్రతిసారీ అదే మూలకు తీసుకెళ్లు. కదలకుండా నిలబడు, మాట్లాడొద్దు, ఐదు నిమిషాలు. మొదలుపెట్టగానే మెల్లగా "కానీ" అను, ఇంట్లో ఎవరైనా సరే అదే మాట అనాలి. పూర్తవ్వగానే, అక్కడికక్కడే, వేరుశనగ గింజంత ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టు. కిందికి వచ్చాక పెడితే మెట్లు దిగినందుకు ఇచ్చావనుకుంటుంది. ఆ తర్వాత తాడు విప్పి పది నిమిషాలు ఆడించు, అప్పుడు దానికి లెక్క తిరగబడుతుంది. ఐదు నిమిషాల్లో పోయలేదా, ఏమీ అనకుండా తీసుకొచ్చి ఒళ్లో పెట్టుకో లేదా తాడు నీ నడుముకు కట్టుకో, వదిలేయొద్దు. పావుగంటకు మళ్లీ వెళ్లు. ఈ పావుగంటే అసలు కీలకం, ఇక్కడే అందరూ వదిలేస్తారు.

మెట్లు అన్నాను కదా, దాన్ని నడిపించి ఎక్కించొద్దు, దించొద్దు. పొడుగు నడుము, పొట్టి కాళ్లు, ఆ జాతికి వెన్నుపూసల మధ్య డిస్క్ జారే జబ్బు ఎక్కువ. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తుకో.

మరకలు తుడిచే పద్ధతి కూడా మార్చాలి. మీ ఇంట్లో వేసింది మన కడప బండలే అన్నావు. బండ మధ్య సిమెంట్ అతుకుల్లో ఉచ్చ ఇంకిపోతుంది, ఫినాయిల్ వేస్తే మన ముక్కుకు పోయినట్టుంటుంది, దాని ముక్కుకు పోదు, ఇదే తన చోటని మళ్లీ అక్కడికే వస్తుంది. పైగా ఆ ఫినాయిల్ కాళ్లకు అంటి నాకితే మంచిది కాదు. ముందు పాత గుడ్డతో అద్దు, రుద్దితే పక్కకు పరుచుకుంటుంది. తర్వాత పెంపుడు జంతువుల షాపులో ఎంజైమ్ క్లీనర్ అని అడిగి తెచ్చుకో, సీసా మీద రాసినంత సేపు తడిగా ఉంచి ఆరనివ్వు. వీడియోల్లో వెనిగర్ పొయ్యమంటారు, నిమ్మకాయ రుద్దమంటారు, యాసిడ్ కూడా. మన బండ మీద మాత్రం వద్దు. కడప బండ సున్నపురాయి, పులుపు తగిలితే నున్నదనం పోయి తెల్లగా మచ్చ పడుతుంది, ఓనరమ్మకు ఇంకో కారణం దొరుకుతుంది.

నువ్వు ఆఫీసులో ఉండే గంటలు నిజంగా కష్టం, అది కాదనను. ఐదు నెలల పిల్లను పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆపుకోమనడం అన్యాయం. కుక్కను పడుకోబెట్టే పెట్టెలో (క్రేట్ అంటారే, అది) అన్ని గంటలు మూయొద్దు, అందులోనే పోసేసి చివరికి పడుకునే చోట కూడా పోయడం అలవాటవుతుంది. వంటింటి పక్క వసారాకు అడ్డుపలక పెట్టి, ఒక చివర బొంత, నీళ్లు, ఇంకో చివర వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో ఎర్రమట్టి పోసి పెట్టు. మిద్దె మీద మూలలోనూ అదే మట్టి ట్రే పెట్టు, కాళ్ల కింద తగిలేది రెండు చోట్లా ఒకటే అయితే తొందరగా పట్టుకుంటుంది. కింది ఇంట్లో డిగ్రీ చదివే పిల్లాడున్నాడన్నావు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి పైకి తీసుకెళ్లమని అడుగు, నెలకు కొంత ఇవ్వు. డబ్బు దండగ అనుకోకు. పెట్టె మాత్రం రాత్రికి మంచిదే, అది లేచి తిరగ్గలిగేంత ఉంటే చాలు, నీ మంచం పక్కనే పెట్టుకో, కుయ్‌మంటే లేచి తీసుకెళ్లు.

ఎండలు ముదురుతున్నాయి. ఏప్రిల్, మేలో మీ అనంతపురంలో నలభై దాటుతుంది, మధ్యాహ్నం మిద్దె మీద దాని కాళ్లు కాలతాయి, పొట్ట కూడా నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి వేడి నేరుగా తగులుతుంది. అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు నేలకు ఆనించి చూడు, నువ్వు ఓర్చుకోలేకపోతే దాన్ని దించొద్దు. ట్రే మెట్ల గది నీడలోకి జరుపు. ఉచ్చ పోస్తోందని నీళ్లు తగ్గించొద్దు పాపా, ఆ మాట ఎవరు చెప్పినా వినొద్దు.

నువ్వు ఇంటికి రాగానే కాళ్ల దగ్గర దొర్లి నాలుగు చుక్కలు పోస్తుందన్నావు. అది సంతోషం, కాస్త భయం కలిసినది. తనకు తెలియకుండా పోతుంది, తిడితే పెరుగుతుంది. వచ్చిన వెంటనే ముద్దు చేయకు, చూడనట్టు లోపలికి వెళ్లి రెండు నిమిషాల తర్వాత కింద కూర్చుని పిలువు. పెద్దయ్యేకొద్దీ చాలావాటికి తగ్గిపోతుంది.

ఇంకోటి, మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తున్నా, ముక్కుతున్నా, ఎర్రగా కనిపించినా శిక్షణ సంగతి పక్కనపెట్టి పశువుల డాక్టరుకు చూపించు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ఎంత నేర్పినా ఆగదు. రాణికి ఏడో ఏట అలాగే వచ్చింది, ముసలితనం కాబోలనుకుని నేను పది రోజులు ఆలస్యం చేశాను.

ఎన్నాళ్లు అని అడుగుతావు. రెండు వారాల్లో తేడా కనిపిస్తుంది, నమ్మకంగా వదిలేయడానికి ఇంకో నాలుగైదు నెలలు, ఏడాది పట్టినవీ ఉన్నాయి. మధ్యలో బాగా చేస్తూ చేస్తూ ఒక వారం మొత్తం చెడగొడుతుంది, అప్పుడు కంగారుపడకుండా మళ్లీ రెండు గంటల లెక్కకు రా.

రేపు పొద్దున్నుంచే మొదలుపెట్టు. ఆదివారం క్యాలెండర్ ఫోటో తీసి పంపు, ఏ టైమ్‌కు మార్చాలో ఇద్దరం కలిసి చూద్దాం. వచ్చే నెల మీ పెదనాన్న, నేను అనంతపురం వస్తున్నాం, నాలుగు రోజులు మధ్యాహ్నం కాపలా నాది.

మీ పెద్దమ్మ,
కడప