డెబ్బై శాతం స్కాలర్‌షిప్ అన్నారు సరే, దేనిమీద డెబ్బై?

ప్రశ్న: మాది నిజాంపేట. ఒక్కతే కూతురు, సీబీఎస్‌ఈ స్కూల్లో పదో తరగతి. మావారిది ప్రైవేటు ఉద్యోగం, ఏడాదికి పన్నెండు లక్షల దాకా వస్తుంది. ఒక కార్పొరేట్ కాలేజీ టాలెంట్ టెస్టులో మా అమ్మాయికి ఇంటర్‌కి 70 శాతం స్కాలర్‌షిప్ వచ్చింది. ఆదివారంలోపు పదివేలు కట్టి సీటు రిజర్వ్ చేసుకోమంటున్నారు. ఇంకో సెంటర్‌వాళ్లు ఎన్‌టీఎస్‌ఈ (జాతీయ స్థాయి ప్రతిభా పరీక్ష), ఒలింపియాడ్ కోచింగ్ అంటున్నారు. మా ఆడపడుచు కొడుక్కి ఇప్పటికే పదకొండు మెడల్స్ ఉన్నాయి. మా అమ్మాయికి ఒక్కటీ లేదు. ఏది మంచిది?

జవాబు: అమ్మా, ఏది మంచిదని అడిగారు గానీ, మీ బాధంతా ఆ పదకొండు మెడల్స్ దగ్గరే ఉంది. ముందు ఆ సంగతి చూద్దాం.

పోయిన నెల ఒక బాబు సంచి నిండా మెడల్స్ తెచ్చి నా బల్లమీద పరిచాడు. రిబ్బన్లు చిక్కుపడిపోయి ఉన్నాయి, రెండింటికి బంగారు రంగు లేచిపోయింది. ఏది ఏ పరీక్షలో వచ్చిందని అడిగితే నాలుగింటికే చెప్పగలిగాడు. స్కూల్లోనే ఫీజు కట్టించుకుని, సెక్షన్‌కి ముగ్గురు నలుగురికి మెడల్ ఇచ్చే ప్రైవేటు పరీక్షలవి. పిల్లలకు సరదాగా ఉంటుంది, కాదనను. కానీ ఏ అడ్మిషన్ దగ్గరా వాటిని అడగరు. మీ అమ్మాయి ఏమీ పోగొట్టుకోలేదు.

అసలు ఒలింపియాడ్ దారి వేరు. సైన్సులో ముంబైలోని హోమీ భాభా సెంటర్ దాకా తీసుకెళ్లేది, గణితంలో ఐఓక్యూఎం అనే తొలి దశ పరీక్షతో మొదలయ్యేది. ఐఓక్యూఎంలో మూడు గంటలకు ముప్పై లెక్కలు. డబ్బుకోసం రాసే పరీక్ష కాదు, లెక్కతో కుస్తీ పట్టడం ఇష్టమున్నవాళ్ల కోసం అది. మీ అమ్మాయికి ఆ ఇష్టం ఉంటే ఇంటర్‌లో కూడా రాయొచ్చు. లేకపోతే కోచింగ్‌తో ఆ ఇష్టం పుట్టదు.

ఇక ఎన్‌టీఎస్‌ఈ. 1963లో మొదలైన మంచి పరీక్ష, అమ్మానాన్నల ఆదాయంతో పని లేకుండా ఇంటర్‌లో నెలకు 1,250 రూపాయలు ఇచ్చేవారు. కేంద్రం ఆ పథకాన్ని 2021 మార్చి తర్వాత పొడిగించలేదు. నిలిచిపోయిన పరీక్షకు కోచింగ్ అమ్ముతున్నారంటే వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. సైన్సు చదివే పిల్లలకు ఇచ్చే కేవీపీవై అనే ఫెలోషిప్ పరీక్ష కూడా 2022లో ఆగిపోయింది.

ఇప్పుడు ఆ 70 శాతం. అమ్మా, ఆషాఢం సేల్‌లో చీర పట్టుకుని ‘అసలు ధర పెంచి తగ్గించారా’ అని అడిగే మీరు, రెండేళ్ల ఫీజు దగ్గర ఆ ప్రశ్న ఎందుకు వేయలేదు? స్కాలర్‌షిప్ అంటే పిల్ల ఖాతాలో పడే డబ్బు. వాళ్లే ధర పెట్టి వాళ్లే తగ్గిస్తే అది డిస్కౌంట్. పోయినేడాది ఒక తండ్రి కాలేజీ కాగితం తెచ్చి చూపించారు. పైన పెద్ద అక్షరాల్లో మెరిట్ స్కాలర్‌షిప్. కింద చిన్న అక్షరాల్లో, అది ట్యూషన్ ఫీజుకు మాత్రమేనని. హాస్టల్, మెస్, మెటీరియల్ డబ్బు పూర్తిగా కట్టారు. రెండో ఏడాది వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని ఆ రాయితీ కూడా తీసేశారు. పిల్లవాడు మాత్రం స్కాలర్‌షిప్ పోయింది నావల్లేనని ఆర్నెల్లు కుమిలిపోయాడు. నాకు డబ్బుకంటే అదే ఎక్కువ బాధనిపించింది.

ఆదివారం గడువుకు కంగారు పడకండి. షెడ్యూలు ఇచ్చేదాకా అడ్మిషన్లు చేయొద్దని ఇంటర్ బోర్డు ఏటా చెబుతూనే ఉంటుంది. రెండేళ్లకు మొత్తం ఎంతవుతుందో, ఏ కారణంతో రాయితీ తీసేస్తారో కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే పదివేలు మీ దగ్గరే ఉంచుకోండి.

నిజం చెప్పాలంటే, మీ ఆదాయానికి ఈ వయసులో డబ్బులిచ్చే స్కాలర్‌షిప్‌లు చాలా తక్కువ. అందులో మీ అమ్మాయి తప్పేం లేదు. ఒక్కతే ఆడపిల్ల ఉన్నవాళ్లకు సీబీఎస్‌ఈ ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది గానీ, దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఉండాలి, కాబట్టి అది మీకు రాదు. ఇంటర్ తర్వాత బీఎస్సీ వైపు వెళ్లాలనుకుంటే, బోర్డు పరీక్షలో పై ఒక్క శాతంలో ఉన్నవారికి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 80,000 రూపాయల దాకా ఉంది. ఇంజినీరింగ్‌కి వర్తించదు.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలెవరైనా ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదువుతుంటే ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష గురించి చెప్పండి. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. సెలెక్టయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000, నేరుగా ఖాతాలోకే. దరఖాస్తు హెడ్మాస్టర్ దగ్గరే పెట్టాలి. వాళ్లు సాధారణంగా ఆగిపోయేది ఆదాయ ధ్రువపత్రం దగ్గర. మీసేవకు మీరు తోడు వెళ్తే చాలు.