గిట్ నేర్చుకునేటప్పుడు సాయం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మా కార్యాలయంలో ప్రాజెక్టు ఫైళ్లలో మార్పుల చరిత్రను భద్రపరచడానికి ఏళ్ల తరబడి సబ్‌వర్షన్ అనే సాఫ్ట్‌వేర్ వాడాం. ఈమధ్య ప్రాజెక్టులన్నింటినీ అదే పని చేసే గిట్‌లోకి మార్చారు. నేను కమిట్ చేసిన (అంటే చరిత్రలో నమోదు చేసిన) మార్పులు తోటివారికి కనిపించడం లేదు. రివర్ట్ చేస్తే అనుకోనిదేదో జరుగుతోంది. తెలిసిన సహోద్యోగులు ఎప్పుడూ పనిలో ఉంటారు, పదేపదే అడగాలంటే మొహమాటం. ఇంటర్నెట్‌లో ఒక్కొక్కరు ఒక్కో కమాండ్ చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఇబ్బందులు రెండింటికీ మూలం ఒకటే. సబ్‌వర్షన్‌లో చరిత్ర అంతా సర్వర్‌లో ఉంటుంది కాబట్టి కమిట్ చేయగానే మార్పు అక్కడికి చేరిపోతుంది. గిట్‌లో మామూలుగా పూర్తి చరిత్రతో సహా రిపాజిటరీ (ప్రాజెక్టు నిల్వ) మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. కమిట్ అక్కడే నమోదవుతుంది, పుష్ చేసిన (సర్వర్‌కు పంపిన) తర్వాతే ఇతరులకు అందుతుంది. సబ్‌వర్షన్‌లో రివర్ట్ చేస్తే ఇంకా కమిట్ కాని మార్పులు తొలగిపోతాయి. గిట్‌లో రివర్ట్ చేస్తే, పాత కమిట్ చేసిన మార్పును రద్దుచేసే కొత్త కమిట్ ఒకటి చేరుతుంది. మీకు కావలసిన పాత అలవాటుకు దగ్గరగా ఉన్నది గిట్ రిస్టోర్. బ్రాంచ్ (విడిగా సాగే పని శాఖ) మార్చే స్విచ్, ఫైళ్లను వెనక్కి తెచ్చే రిస్టోర్ అనే కమాండ్లు 2019 ఆగస్టులో విడుదలైన 2.23 వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు ఆ పనులను ఎక్కువగా చెక్‌అవుట్ అనే కమాండ్‌తోనే చేసేవారు. ఒకే ప్రశ్నకు రెండు మూడు రకాల జవాబులు కనిపించడానికి ఇదొక కారణం కాబట్టి, ఏ సలహానైనా పాటించే ముందు అది ఏ సంవత్సరంలో రాసినదో చూడండి.

అందరికన్నా ముందు అడగవలసింది గిట్‌నే. గిట్ స్టేటస్ అని టైప్ చేస్తే మీరు ఏ బ్రాంచ్‌లో ఉన్నారో, ఏ ఫైళ్లు మారాయో, ఏవి తదుపరి కమిట్‌కు సిద్ధంగా ఉన్నాయో చెప్పడమే కాక, ఒక్కో స్థితి కింద వాడదగిన కమాండ్‌ను కూడా బ్రాకెట్లలో చూపుతుంది. పుష్ తిరస్కరించినప్పుడు వచ్చే సందేశమే తీసుకోండి: చూడగానే భయపెడుతుంది గానీ, సర్వర్‌లో ఉన్న పని మీ దగ్గర లేదు కాబట్టి ముందు దాన్ని తెచ్చుకోండి అని చివరి వరుసల్లో మార్గం కూడా చెబుతుంది. చాలామంది ఆ వరుసలు చదవకుండానే ఇంటర్నెట్‌లో కనిపించిన ఫోర్స్ పుష్‌ను (సర్వర్‌లో ఉన్నదాని స్థానంలో బలవంతంగా మీదే పెట్టే కమాండ్‌ను) అతికించేస్తారు. తోటివారి కమిట్లు సర్వర్ బ్రాంచ్ నుంచి మాయమయ్యేది అలాగే. దయచేసి ఆ పని మాత్రం తెలిసినవారిని అడగకుండా చేయకండి.

గిట్ హెల్ప్ ట్యుటోరియల్, గిట్ హెల్ప్ ఎవ్రీడే, గిట్ హెల్ప్ గ్లాసరీ అనే మార్గదర్శకాలు గిట్‌తో పాటే వస్తాయి. వీటిలో ఎవ్రీడే చిన్నది, రోజువారీ కమాండ్లను పనిని బట్టి విడదీసి చెబుతుంది. తీరిక దొరికినప్పుడు స్కాట్ చకాన్, బెన్ స్ట్రాబ్ రాసిన ప్రో గిట్ పుస్తకం చదవండి. 2014 నాటి రెండవ ముద్రణ గిట్ అధికారిక వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. మొదటి మూడు అధ్యాయాలు చాలు, తక్కినవి అవసరాన్ని బట్టి చూసుకోవచ్చు.

చదివినది చేతికి అలవడాలంటే కార్యాలయ ప్రాజెక్టుతో సంబంధం లేని ఖాళీ ఫోల్డర్‌లో ఒక బేర్ రిపాజిటరీ (పని ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండేది) సృష్టించి, దాన్నే సర్వర్‌గా భావించి, రెండు ఫోల్డర్లలోకి క్లోన్ (నకలు) చేయండి. ముందు ఒక దానిలో ఒక ఫైలు కమిట్ చేసి పుష్ చేసి, మరొక దానిలోకి పుల్ చేయండి (సర్వర్ నుంచి తెచ్చుకోండి). ఒక దానిలో మీరు, మరొక దానిలో మీ సహోద్యోగి ఉన్నారనుకొని ఒకే ఫైలులో ఒకే వరుసను రెండు విధాలుగా మార్చి, రెండు చోట్లా కమిట్ చేసి, ఒకటి తర్వాత ఒకటి పుష్ చేసి, తిరస్కరించిన చోట పుల్ చేసి కలిపితే, పుష్ తిరస్కరణ నుంచి మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఒకే వరుసలో రెండు మార్పులు ఢీకొనడం) దాకా అన్నీ ఎవరికీ నష్టం లేకుండా మీ కళ్ల ముందే జరుగుతాయి. అసలు ప్రాజెక్టులో కూడా ధైర్యంగా ఉండవచ్చు: కమిట్ చేసిన పని బ్రాంచ్‌లో కనిపించకుండా పోయినా గిట్ రెఫ్‌లాగ్‌లో (బ్రాంచ్‌ల కదలికల చిట్టాలో) దాని జాడ సాధారణంగా కనీసం 30 రోజులు ఉంటుంది. కమిట్ చేయని మార్పులను హార్డ్ రీసెట్ (ఫైళ్లను పాత కమిట్ స్థితికి తెచ్చే కమాండ్) తుడిచేస్తే మాత్రం గిట్‌లో వెనక్కి తెచ్చుకునే దారి దాదాపు ఉండదు. అందుకే ఏ ప్రయోగానికైనా ముందు కమిట్ చేయండి.

ఇక సహోద్యోగుల మాట. మీరు ఏం చేయదలిచారో, ఏ కమాండ్ ఇచ్చారో, వచ్చిన సందేశం యథాతథంగా ఏమిటో, గిట్ స్టేటస్ ఏం చూపుతోందో రాసి పంపితే, పని ఒత్తిడిలో ఉన్న మనిషి కూడా రెండు మాటల్లో జవాబివ్వగలరు. "గిట్ పనిచేయడం లేదు" అంటే వారు లేచి మీ బల్ల దగ్గరికి రావలసి వస్తుంది. మొహమాటపడకుండా వారినే అడగవలసిన ప్రశ్నలూ ఉన్నాయి: మీ బృందం బ్రాంచ్‌లను మెర్జ్ చేస్తుందా (కలుపుతుందా), రీబేస్ చేస్తుందా (కమిట్లను మరో బ్రాంచ్ చివర తిరిగి పేరుస్తుందా), బ్రాంచ్‌లకు పేర్లు ఎలా పెడుతుంది, ఏ బ్రాంచ్‌కు నేరుగా పుష్ చేయకూడదు. ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. మీ కార్యాలయం గిట్‌కు కొత్తగా మారింది కాబట్టి బహుశా ఇంకా ఎక్కడా రాసి ఉండవు కూడా. వారు చెప్పిన జవాబులను ప్రాజెక్టు రీడ్‌మీ (పరిచయ) ఫైలులో మీరే రాసి, సరిచూడమని వారికి పంపండి.