ఆ కీబోర్డు అమ్మాయికి చెప్పావా?

ఒరేయ్ చిన్నా, వందనాలు. మీ బ్యాండు పేరూ బట్టలూ సౌండూ అన్నీ మార్చేస్తున్నారంట కదా, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తెల్ల చొక్కాలు పోయి నలుపంట, కీబోర్డు తీసేసి ఇంకో గిటారంట. గర్వంగా ఉందిరా, భయంగానూ ఉంది, తెల్లారేదాకా నిద్రపట్టలేదు.

వద్దనను. పురుషోత్తమ చౌదరి గారు పందొమ్మిదో శతాబ్దంలోనే కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టారు, ఇవాళ అవే మన పాత పాటలు. గిటార్ గెయిన్, అదే ఆ గరగర, తగ్గించు, మాట వినబడాలి. బీచ్ గాలికి తీగలు తుప్పు పడతాయి, వాయించాక తుడువు.

అమెరికా క్రైస్తవ మెటల్ బ్యాండు స్ట్రైపర్ వాళ్ళని మా బ్యాచ్ క్యాసెట్ అరిగేదాకా విన్నాం. బైబిల్లో యెషయా 53:5లో దెబ్బల మాట ఉంది చూడు, పాత ఇంగ్లీషు బైబిల్లో ఆ దెబ్బల్ని 'స్ట్రైప్స్' అన్నారు, చారలన్నా అదే మాట, వాళ్ళ పసుపు నలుపు చారలకి అదే అర్థం. 1990లో 'ఎగైనెస్ట్ ద లా' ఆల్బమ్‌కి చారలు తీసేశారు, పాటల్లో దేవుడి మాటా తగ్గించారు, 1992లో వాళ్ళ గాయకుడు మైకేల్ స్వీట్ వెళ్ళిపోయాడు. చారల వల్లే అనను, కానీ బట్టలు మార్చేటప్పుడు ఏం పాడతారో ముందు తేల్చుకోండి.

నా భయం వేరేది. 1992 క్రిస్మస్‌కి మేమూ సౌండు మార్చాం, డ్రమ్స్ కిట్ అద్దెకి తెచ్చాం. మా డోలక్ మాస్టారికి చెప్పాల్సింది నేను, రేపు చెబుదాం ఎల్లుండి చెబుదాం అని నానబెట్టేశాను. ఆయన గాజువాకలో బస్సెక్కి జగదాంబ దగ్గర దిగి నడుచుకుంటూ వచ్చారు, డోలక్‌కి వాళ్ళావిడ కొత్తగా ఎర్ర గుడ్డ సంచి కుట్టింది. కిట్ వైపు చూశారు, నా వైపు చూశారు, ఒక్క మాట అనలేదురా. ఆఖరి బెంచీలో సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలూ కూర్చున్నారు, దాని తాడు ముడి కూడా విప్పలేదు. నేను స్టేజి మీంచి ఆ ముడినే చూస్తూ వాయించాను, ఆ రోజు ఏ పాటలు పాడామో అడిగితే చెప్పలేను. ఆయన మళ్ళీ రాలేదు. క్షమించమని అడగడానికి వాళ్ళింటికెళ్ళడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది, అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి, ఆ చేతుల్తోనే టీ తెచ్చిచ్చారు.

మరి మీ కీబోర్డు అమ్మాయికి ఎవరైనా చెప్పారా? వాట్సాప్‌లో పెట్టి ఊరుకుంటే మాత్రం నా దగ్గర చీవాట్లు తప్పవు, వాళ్ళింటికెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పు, ఆ పిల్ల ఏడిస్తే లేచి వచ్చేయకు. అంత మనసు నీకుంది నాన్నా, చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను.

మాట్లాడాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా ఎత్తుతాను.

మీ మావయ్య