బెదిరింపుకు లొంగని మావారు

ప్రశ్న: మాది నెల్లూరు. పెళ్లయ్యాక బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మావారు సేల్స్ మేనేజర్. ఇన్సెంటివ్ పడితే అపార్ట్‌మెంట్ గ్రూపులో చెప్పేస్తారు, రాత్రి దాకా ఎవరెవరు మెచ్చుకున్నారో చూసుకుంటారు. పాప చదువుకని దాచింది ట్రేడింగ్‌లో పోయింది. అయినా మానలేదు. పుట్టింటికి వెళ్లిపోతానన్నా చలనం లేదు. ఆయన నార్సిసిస్టా, అంటే తనే గొప్పనుకుంటూ పొగడ్తల కోసం తపించే వ్యక్తిత్వ సమస్య ఉన్నవారా?

జవాబు: పాప డబ్బు అలా పోతే ఏ తల్లికైనా కడుపు రగులుతుందమ్మా. కానీ ఉత్తరం చదివి ఆయనకు ఆ పేరు పెట్టడం తప్పు. అది సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో ఆయనతో మాట్లాడి తేల్చాల్సింది.

బెదిరింపు ఎందుకు పనిచేయడం లేదో మాత్రం చెప్పగలను. లాభం కనిపిస్తే ముందుకు లాగే వ్యవస్థ, ప్రమాదం కనిపిస్తే ఆపే వ్యవస్థ మెదడులో వేరువేరని బ్రిటిష్ సైకాలజిస్టు జెఫ్రీ గ్రే 1970లో ప్రతిపాదించారు. యాక్సిలరేటర్, బ్రేకు అనుకోండి. గొప్పలకు పోయే తరహా నార్సిసిజం ఉన్నవాళ్లలో మొదటిది జోరుగా, రెండోది మందంగా ఉంటుందని పరిశోధకులు ఫాస్టర్, ట్రిమ్ 2008లో రాశారు. పొగడ్త, లాభం కళ్లముందు మెరుస్తుంటే నష్టం వాళ్లకు అంతగా ఆనదు.

నార్సిసిజంలోనే ఇంకో తరహా ఉంది. వాళ్లకు లోపల భయమే ఎక్కువ, చిన్న మాటకే ముడుచుకుపోతారు. ఆఫీసులో బాస్ తప్పుపట్టిన రోజు మీవారు ఎలా ఉంటారో గమనించండి. దులిపేసుకుని మామూలుగా అన్నం తింటారా, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడరా? డాక్టరుకు ఈ వివరం చాలా అవసరం.

పుట్టింటి మాట ఇక బెదిరింపుగా వాడొద్దు. నిజంగా వెళ్లాలనుకుంటే వెళ్లండి, అది వేరే సంగతి. ఆయన మనసు బాగున్న పూట, పాప ఫీజు తన చేత్తో కట్టడంలో ఉన్న గౌరవం గురించి మాట్లాడండి. అలాగని పొద్దస్తమానం పొగడక్కర్లేదు, అది మీకూ మంచిది కాదు.

డబ్బు విషయంలో మాత్రం మాటల మీద ఆధారపడకండి. జీతం పడిన రోజే పాప వాటా పక్కకు తీయించండి. పాపకు పదేళ్లు నిండకపోతే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి, అందులోంచి మధ్యలో తీయడం అంత తేలిక కాదు. లాగిన్, పాస్‌వర్డు మీకూ తెలియాలి. ఇల్లు గడిచే డబ్బు మీ పేరున ఉండాలి.

హోసూర్ రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ మీకు అందుబాటులోనే ఉంది. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.