బల్లికి వీరతాడు వేయకు

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయ ఇసుక దిబ్బ మీద అంచు వేళ్ల బల్లి (ఫ్రింజ్-టోడ్ లిజర్డ్) అడుగుల జాడ సగంలో ఆగిపోయిందని, అక్కడ బల్లి మాత్రం లేదని రాశావే, ఆ రెండు వాక్యాలూ బాగున్నాయి. మిగతాది చదువుతుంటే ఒళ్లు మండింది. ‘నిర్దాక్షిణ్యమైన ఎడారితో అలుపెరుగని పోరాటం’ అట! చివర్లో ‘మనమూ ఈ చిన్ని ప్రాణిలా కష్టాలను ఎదుర్కోవాలి’ అని నీతి ఒకటి.

ఇసుక దానికి శత్రువని నీకెవరు చెప్పారు? ఎండ మాడిస్తే అది దూరేది ఇసుకలోకి. ఏదైనా వెంటపడితే దూరేదీ ఇసుకలోకే. చలికాలం పడుకునేదీ అందులోనే. జానెడు బల్లి, దాని ఒంట్లో ప్రతి భాగమూ వదులు ఇసుకకు తగ్గట్టే ఉంది. నీ వ్యాసంలో ఆ ఒళ్లేది?

వేళ్లకు అంచు ఉంటుందని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు కథంతా అక్కడుంటే! వెనక కాళ్ల పొడుగాటి వేళ్ల పక్కన మొనదేలిన పొలుసులు దువ్వెన పళ్లలా వరసగా ఉంటాయి. పరిగెత్తేటప్పుడు పాదం కూరుకుపోకుండా ఆపేవి అవే. ఇది ఊహ కాదు. దీని దగ్గరి చుట్టం మొహావీ ఎడారి బల్లి మీద కరోథర్స్ అనే ఆయన పరీక్ష చేసి 1986లో ప్రచురించాడు. ఆ పొలుసులు తీసేస్తే సన్నటి ఇసుక మీద దాని పరుగు తగ్గింది. ఇది నీ వ్యాసంలో లేదు.

ఇక మునగడం. పరిగెత్తుతూ పరిగెత్తుతూనే మూతి ఇసుకలో గుచ్చుతుంది. కింది దవడ పైదాని లోపలికి ఇమిడి ఉంటుంది కాబట్టి నోట్లో ఇసుక పడదు. రెప్పలు ఒకదాని మీద ఒకటి గట్టిగా మూసుకుంటాయి. చెవికి పొలుసుల మూత. తల అటూ ఇటూ ఆడిస్తూ వెనక కాళ్లతో తోస్తే ఒళ్లంతా లోపలికి జారిపోతుంది, ఆఖర్న తోక కొస. లోపల అది పీల్చేది రేణువుల సందుల్లోని గాలే.

ఈ నీతి జబ్బు నీది కాదులే, మా కాలం ఎడిటర్లు అంటించింది. ఒక వారపత్రికకు చీమల మీద రాసిచ్చాను. చీమలు వాసనతో దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయో చెప్పిన పేరా జాగా లేదని కొట్టేసి, ‘ఐకమత్యమే మహాబలం’ అని తనే ఒక ముక్క అతికించాడు ఆ ఎడిటర్. అదే పేజీలో సగం వారఫలాలు! డబ్బులడిగితే, “సైన్సు ఎవరు చదువుతారండీ, మీ మీద అభిమానంతో వేస్తున్నాం” అన్నాడు. వాళ్లు పోయి ఇప్పుడు ఇన్‌స్పిరేషన్ కావాలనేవాళ్లు వచ్చారు. వాళ్లకు బల్లయినా ఒకటే, ఐఏఎస్ ర్యాంకరైనా ఒకటే.

ఆ పోరాటం గోలలో పడి అసలు సంగతి వదిలేశావు. వానలకు కొండల నుంచి వాగులు ఇసుక తెస్తాయి. శాన్ గొర్గోనియో కనుమలోంచి వచ్చే గాలి అందులో సన్నటిదాన్ని ఏరి లోయలోకి మోసుకొస్తుంది. ఆ దారికి అడ్డంగా ఇళ్లు, రోడ్లు, గోల్ఫ్ మైదానాలు, గాలిని ఆపడానికి నాటిన చెట్ల వరసలు వచ్చాయి. కొత్త ఇసుక రాకపోతే ఉన్న దిబ్బ గట్టిపడుతుంది. గట్టి నేలలో ఈ బల్లి మునగలేదు. ఆ లోయలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని జాతి ఇది. అమెరికా ప్రభుత్వం 1980లోనే ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది. దిబ్బ చుట్టూ కంచె కట్టి ఊరుకుంటే సరిపోదు, గాలి దారిని కూడా వదిలిపెట్టాలి. నువ్వేమో ఎడారిని తిట్టిపోసి ఇళ్ల ఊసే ఎత్తలేదు. ఆ దగ్గర్లోనే కొత్త ఇల్లు కొన్నారా ఏంటి? కోపం తెచ్చుకోకు.

కలం పేరు గురించి, పుస్తకం వేయడం గురించి అడిగావు. వాటికి ఇప్పుడేం తొందర?

తిరగరాసి పంపు. ‘పాపం’ అన్న మాట ఎక్కడ కనిపించినా కొట్టెయ్. పురుగులతో పాటు పూలు, ఆకులు కూడా తింటుంది, అది చేర్చు. ఈసారి పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలు పంపు. నా కళ్లకు అక్షరాలు పెద్దవి చేసుకోవాలి.

ఆశీస్సులతో,
మాస్టారు